పక్క సీటు బరువు

తమ సొంత బుల్లి విమానం దిగగానే మొగుడుగారు నల్లకళ్ళజోడు సర్దుకుని, నాలుగు ఫొటోలు దిగి ఇంటికెళ్ళిపోతారు. చెక్క ప్రొపెల్లర్‌ని అడ్డంగా తిప్పి పెట్టడం ఆమె పని. నిలువుగా వదిలేస్తే చెక్కలోని చెమ్మ కిందికి దిగి ఒకవైపు బరువెక్కుతుంది. అద్దానికి అంటుకున్న పురుగులు తుడవడం, పెట్రోలు వడకట్టి పోయడం, షెడ్డుకి తాళం వేయడం కూడా ఆమె వంతే. లైసెన్సు ఇద్దరికీ ఉంది. నడిపేవాళ్ళు కూర్చునే ఎడమ సీటు మాత్రం తాతముత్తాతలు రాసిచ్చినట్టు ఆయనదే.

ఓసారి మిట్టమధ్యాహ్నం ఎండలో బయల్దేరితే విమానం ఓ పట్టాన లేవలేదు. చక్రాలు రన్‌వే చివరి కంచెని రాసుకుంటూ పోయాయి. ఆమె ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని కూర్చుంది. దిగాక ఆయన అన్నది ఒక్కటే మాట: "నీ బరువు తోడైంది కదా, ఇంకేం లేస్తుంది!" ఆ మాటని అత్తగారు అందిపుచ్చుకున్నారు. "కాస్త నోరు కట్టుకోవే అమ్మాయ్, నీ వల్ల వాడి ప్రాణం మీదికొచ్చేలా ఉంది." పిచ్చిది, నమ్మేసింది. మూడేళ్ళుగా ఒక పూట భోజనం మానేసి, కడుపు కాలినప్పుడల్లా మంచినీళ్ళు తాగుతోంది.

కిందటి వారం రాయి తగిలి ప్రొపెల్లర్ కొన చిట్లింది. ఆయనకి మీటింగు. పాతదాన్ని దుప్పట్లో చుట్టి ఆమె చేతికిచ్చి, "అచ్చం ఇలాంటిదే చెక్కమను. నీ తెలివితేటలేం చూపించకు" అన్నారు.

ప్రొపెల్లర్లు చెక్కే మేస్త్రిగారు దాన్ని బల్ల మీద పెట్టి, ఈ కొన నుంచి ఆ కొనదాకా బొటనవేలు నడిపారు.

"మీ రన్‌వే పొడుగెంతమ్మా?"

"నా అంగలతో అయిదొందలండి. చివర కంచె."

"అంత పొట్టిదానికి ఇదెవరు తగిలించారు? దీని రెక్కలకి మెలి ఎక్కువ. పైకెళ్ళాక జోరుగా పోతుంది గానీ, ఎండపూట ఇద్దరెక్కితే నేల వదలడానికే ఏడుస్తుంది. మెలి తగ్గించి చెక్కితే చటుక్కున లేస్తుంది. వేగం కాస్త తగ్గుతుంది, అంతే."

"అయితే... నా బరువు వల్ల కాదాండీ?"

"నీ బరువేమిటమ్మా! రెండు సీట్లు పెట్టింది ఇద్దరు కూర్చోడానికి కాదూ?"

ఆమెకి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. మూడేళ్ళ ఆకలికి కారణం ఈ చెక్కముక్కా! కోపం రాకపోలేదు, కానీ దానికంటే ముందు హాయి వచ్చి కూర్చుంది. ఒళ్ళంతా తేలికైంది. టీతో పాటు ఇచ్చిన రెండు బిస్కెట్లూ తినేసి, మూడోది అడిగి మరీ పెట్టించుకుంది.

"మరి ఏది చెక్కమంటావు?" మేస్త్రిగారు కాగితం, పెన్సిలు తీశారు.

అచ్చం ఇలాంటిదే అన్న ఆయన మాట చెవిలోనే ఉంది. ఉంటే ఉండనీ.

"త్వరగా లేచేదేనండి."

"మంచిది. నడిపేవాళ్ళ బరువు?"

"అరవై ఎనిమిది," అంది, ఒక్క కిలో కూడా మింగకుండా.

"పక్క సీట్లో?"

"మా ఆయనండి. ఎనభై నాలుగు."