జాబితాలో తరువాతి పేరు

అన్యాయం జరిగింది ఎవరికి, బెత్సీకి, చేసింది ఎవరు, నేను, ఎలా చేశాను, ఒక ఉత్తరం పోస్టు చెయ్యకుండా, ఇంత సూటిగా ఒప్పుకోవడానికి శేషారత్నం అనే ఈ డాక్టరుకు యాభై అయిదేళ్ళు పట్టింది, అదీ ఆబిడ్స్‌లో ఒక జిరాక్సు దుకాణం ముందు, ఎండలో, మనవరాలు మేఘన చేతిలో కాగితం రెపరెపలాడుతూండగా, దాని మీద ఇంకా సంతకం లేదు, సంతకం పడితే ఒక వైద్య కళాశాలలో మేఘన సీటు ఖాళీ అయి వరుసలో తరువాతి పిల్లకు పోతుంది, గడువు సాయంత్రం అయిదు, ఇప్పుడు మూడున్నర, మేఘనకు రెండు చోట్ల సీటు వచ్చింది, ఇక్కడ నగరంలో ఒకటి, పొరుగు రాష్ట్రపు మిషన్ కళాశాలలో ఒకటి, చేరేది ఇక్కడేనని నిశ్చయించుకున్నది కూడా, అయినా రెండోది వదలడానికి చెయ్యి రావడం లేదు, ఉండనీ అమ్మమ్మా, ఇక్కడ హాస్టల్ నచ్చకపోతే, చేతిలో రెండూ ఉంటే నష్టమేంటి, అంటున్నది, ఎదురుగా జనరల్ పోస్టాఫీసు, ఎర్ర డబ్బా, నష్టమేమిటో ఆ డబ్బాకు తెలుసు.

నష్టమేమిటని నేనూ అనుకున్నాను, ఇదే రోడ్డు మీద, రెండు జడలతో, కాన్వెంటు సిస్టర్లు దిద్దించిన నిలువు అక్షరాలతో జవాబు రాసి, స్టాంపు అంటించి, నాకూ రెండు సీట్లే, నేను వద్దనుకున్నదీ మిషన్ కళాశాలే, వాళ్ళ ఉత్తరంలోని చివరి వాక్యం ఇప్పటికీ కంఠతా వచ్చు, మీరు చేరదలచుకోనిచో వెంటనే తెలియజేయగలరు, మీ సహాధ్యాయిని కుమారి బెత్సీ తరువాతి స్థానంలో ఉన్నారు, ఆ సంగతి బెత్సీకి తెలియదు, నాకే తెలుసు, కవరు డబ్బా నోటి దాకా వెళ్ళి మళ్ళీ సంచిలోకి వచ్చింది, ఎందుకంటే కృష్ణా జిల్లా నుంచి దిగే ప్రతి చుట్టానికీ నాన్నగారు రెండు కళాశాలల ఉత్తరాలూ చదివి వినిపిస్తున్నారు, ఒకటి వద్దంటే చదవడానికి ఒకటే మిగులుతుంది, ఇది పైకి చెప్పుకొనే కారణం, అసలు కారణం జీవశాస్త్రంలో బెత్సీకి ఎప్పుడూ నాకంటే ఎక్కువ మార్కులు, మెదక్ నుంచి వచ్చిన పిల్ల, కాన్వెంటు వంటమనిషి కూతురు, అది కూడా డాక్టరయితే ఇక నా గొప్పేమిటి, గడువు దాటింది, ఆ సీటు ఎవరికీ కాకుండా పోయింది, బెత్సీ నర్సయింది, ఒకే దవాఖానలో ముప్పై ఏళ్ళు నేను చెయ్యి చాపితే కత్తెర అందించింది, ఏం డాక్టరమ్మా, గీ కుట్లు నేనేసినా గింత వంకర రాకపోవు, అని నవ్వేది, ఆటో మీటరు తిరగకపోతే పోలీసులకు ఫిర్యాదు రాసే నేను, పనిమనుషులను లిఫ్టు ఎక్కనివ్వలేదని మా అపార్టుమెంటు సంఘం మీద కేసు వేసిన నేను, ఆమెతోపాటు నవ్వాను.

ఇదంతా మేఘనకు అక్కడే నిలబడి చెప్పేశాను, అది నా ముఖం వంక చూడలేక నా చెప్పుల వంక చూసింది, మరి బెత్సీ అమ్మమ్మకు చెప్పావా, లేదు, చిన్నప్పుడు నాకు నొప్పి తెలియకుండా ఇంజెక్షన్లు వేసింది ఆవిడే కదా, అవును, నన్ను అటు తిప్పి, కాగితాన్ని నా వీపుకు ఆనించి సంతకం చేసింది, పెన్ను మొన చీరలోంచి గుచ్చుకుంది, ఫోటో తీసి పంపింది, అందినట్టు జవాబు వచ్చింది, ఎక్కడో పేరు తెలియని పిల్ల ఈ సాయంత్రం ఫోను ఎత్తుతుంది, హమ్మయ్య, తీరిపోయింది అనుకున్నాను, పద నాంపల్లికి, బెత్సీ అమ్మమ్మ ఇంటికి, అన్నది మేఘన, ఆ అమ్మాయి వేరు, ఈవిడ వేరు.

స్టేషను వెనక సందు, మేడ మెట్లు, గుమ్మంలో బెత్సీ చిక్కుడుకాయలు తుంచుతున్నది, ఏం డాక్టరమ్మా, దారి తప్పినవా ఏంది, కూసో, అంటే కూర్చోలేదు, ఎన్ని సంచులు మార్చినా ఆ కవరును ఒకదానిలోంచి ఇంకొకదానిలోకి మోస్తూనే వచ్చాను, తీసి ఇచ్చాను, లోపల కళాశాల ఉత్తరం, దానికి గుచ్చిన నా జవాబు, నేను పంపలేదు బెత్సీ, కావాలనే పంపలేదు, అన్నాను, ఆమె కళ్ళజోడు వెతుక్కుంది, వేలు వరుస వెంట వరుస నడిచి తన పేరు దగ్గర ఆగింది, గిది నేనేనా బిడ్డా, అని మేఘనను అడిగింది, మీరే అమ్మమ్మా, బెత్సీ చిక్కుడుకాయలను పక్కకు జరిపింది, రత్నం, ఇన్నేండ్లు నాకే బుర్ర లేదనుకున్న, సీటు రాలేదని మా అమ్మ ఏడిస్తే గదే చెప్పిన, మా బిడ్డ స్టెఫీ లెక్కలల్ల తప్పితే నా మొద్దు బుర్రే వచ్చిందన్న, అన్నది, తిట్టి ఉంటే తట్టుకొనేదాన్ని, క్షమాపణ చెప్పబోయాను, గా ముచ్చట ఇయ్యాల వద్దు, కాయితం ఈడ్నే ఉండనీ, నువ్వు పో.

మెట్లు దిగాను, పైన ఫోను పట్టుకొని కూతురితో మాట్లాడుతున్నది, స్టెఫీ, పని పక్కకు పెట్టి జర ఇను, డాక్టరు సీటు నాకే రావాల్సి ఉండె, ఔ, నాకే, పేరు రాసిన్రు, ఇంగ్లీషుల, చదువుతున్న ఇను, ఆ గొంతు సందు చివరి దాకా వినబడుతున్నది, మేఘన నా చెయ్యి లాగింది, నేను కదలలేదు, సీటు తిరిగి ఇవ్వలేను గనుక ఈ బాకీ ఎన్నటికీ తీరదని చెప్పుకొని హాయిగా బతికాను, బెత్సీ దగ్గర నేను ఎత్తుకుపోయింది తనకు తెలివి ఉన్నదన్న ఎరుక, దాన్ని ఏ రోజైనా, ఏ మధ్యాహ్నమైనా, బస్సెక్కి వచ్చి ఇచ్చి ఉండవచ్చు, ఇప్పుడు ఇచ్చాను, ఇంకా చెల్లవలసింది నా మంచి పేరొక్కటే, ఆపింది ఎవరా, మన రత్నమే, అని బెత్సీ దాన్ని కూడా వసూలు చేసుకుంటున్నది, సందులో తలుపులు తెరుచుకుంటున్నాయి, తల దించుకొని చివరి మాట దాకా నిలబడి విన్నాను, అదీ చెల్లింది.