ముఖం సరిపోలేదు

నవంబరులో ఒక సోమవారం, పొద్దున ఆరూ పదికి, మా కాలేజీ గేటు దగ్గర హాజరు మిషను ఐజాజ్ సార్ ముఖాన్ని ఒప్పుకోలేదు. ఆ మిషను ముందు కళ్ళు తెరిచి నిలబడితే పచ్చలైటు వెలుగుద్ది. ఆరుంబావు దాటితే ఎర్రలైటు. మూడు ఎర్రలైట్లకి ఒక రోజు గైర్హాజరు. ఆయన వెనక నేనున్నా, నా వెనక ఇంకో పదిమంది. ముఖం సరిపోలేదు, మళ్ళీ ప్రయత్నించండి అని మిషను ఇంగ్లీషులో నాలుగోసారి చెప్పింది.

"కొంచెం పక్కకి జరగండి సార్, మాకు టైమైపోతంది," అన్నా.

ముందు నా నోట్లోంచి వచ్చింది ఆ మాటే. అది దాచుకోను.

ఆయన ఇటు తిరిగాడు. ఎడమవైపు ముఖం మొత్తం కిందికి జారిపోయి ఉంది. ఎడమ కన్ను రెప్ప వాలకుండా అట్టాగే చూస్తా ఉంది. నోరు కుడివైపుకి లాక్కుపోయింది.

"పొద్దున పళ్ళు తోముకుంటుంటే నీళ్ళు మూలనుంచి కారిపోయినయ్ మేడమ్," అన్నాడు. "నిద్ర చాలక అనుకున్నా."

మా కాలేజీ నరసరావుపేటలో వినుకొండ రోడ్డు మీద నాలుగంతస్తుల మేడ. ఒకప్పుడు పత్తి గోడౌను. పత్తికి గాలాడాలని పెట్టిన కంతలన్నీ మూసేసి, ఏసీ క్యాంపస్ అని బోర్డు రాయించారు. నేను అందులో జువాలజీ చెప్పేదాన్ని, ఐజాజ్ సార్ లెక్కలు. ఆయనకి ముప్ఫై ఆరేళ్ళు, పదకొండేళ్ళుగా అక్కడే. పొద్దున ఆరుంబావుకి స్టడీ అవర్, తర్వాత ఏడు పీరియడ్లు, సాయంత్రం మళ్ళీ స్టడీ అవర్. ఇంటికి పోయినా ఫోన్ ఊరుకోదు. బి సెక్షన్‌లో మార్కులు ఎందుకు తగ్గినయ్, కారణం రాయండి అని వాట్సాప్ గ్రూపులో ఒకటే అడగటం. పిల్లోడికి జ్వరం వచ్చిందని రాస్తే, జ్వరం వస్తదని ముందే ఎందుకు గమనించలేదు అని ఇంకో ప్రశ్న. ఈ ప్రశ్నలు పంపే జోనల్ సార్ ఎవరో మేమెప్పుడూ మనిషిని చూడలేదు. విజయవాడలో కూర్చుని వీడియోలో అరుస్తాడు. ఆ అరుపుని విని, రాసుకుని, మా మీద మళ్ళీ అరవటానికి ఇక్కడొక ప్రిన్సిపాల్, సుందరరావు. ఒకప్పుడు కెమిస్ట్రీ బాగా చెప్పేవాడంట. ఇప్పుడు ఆయనకొచ్చిన పని పైనుంచి పడ్డ తిట్టుని కిందికి దించటం.

ఐజాజ్ సార్‌కి ఏడాదిగా తలనొప్పి. మధ్యాహ్నం టిఫిన్ బాక్స్ మూత తీసి, తినకుండా బల్ల మీద తలపెట్టి పడుకునేవాడు. ఒకరోజు బోర్డు మీద చేసిన లెక్కే మళ్ళీ చేస్తన్నాడని పిల్లలు చెప్తే గాని ఆయనకి తెలవలేదు. మేమందరం చూశాం. చూసి, టీ తాగండి సార్ అన్నాం.

ఆ సోమవారం నేనే ఆయన్ని ప్రిన్సిపాల్ రూముకి తీసుకుపోయా. సుందరరావు ఆయన ముఖాన్ని పట్టిపట్టి చూశాడు, మార్కుల షీటు చూసినట్టు.

"పక్షవాతమేమో సార్, వెంటనే ఆసుపత్రికి పంపించండి," అన్నా.

"పక్షవాతమైతే చెయ్యి కూడా పడిపోద్దమ్మా. ఏదీ, చెయ్యెత్తవయ్యా." ఐజాజ్ సార్ చెయ్యెత్తాడు. "చూశావా, బాగానే లేస్తంది. ఫస్ట్ అవర్ సీనియర్ బ్యాచ్ ఉంది. ఆ ఒక్క క్లాసు చెప్పేసి ఎల్లు. గంటలో ఏం కాదు."

ఆయన పోయి క్లాసు చెప్పాడు. నా క్లాసు పక్క గదిలోనే. ఆరోజు పాఠం పారాబోలా. పెదాలు కలవని మనిషి ఆ మాట పలకలేడు. ముందు పిల్లలు నవ్వారు. కాసేపటికి సుద్దముక్క గీస్తున్న చప్పుడు మాత్రమే వినపడింది. పలకలేని మాటలన్నీ ఆయన బోర్డు మీద రాస్తా పోయాడు. పక్కన నేను కప్ప గుండెకి ఎన్ని గదులో చెప్తా కూర్చున్నా.

క్లాసు అయ్యాక ఆసుపత్రికి పోతే, అది పక్షవాతం కాదని డాక్టరు చెప్పాడు. ముఖానికి పోయే నరం వాచింది, మందులు వాడితే చానామందికి తగ్గుద్ది అన్నాడు. కానీ బీపీ నూట ఎనభై ఉంది. ఏం పని చేస్తావు, ఎన్ని గంటలు పడుకుంటావు అని అడిగి, మందుల చీటీ మీద పదిహేను రోజులు విశ్రాంతి అని రాసి, కింద రెండు గీతలు కొట్టాడు. ఆ చీటీ చూసి సుందరరావు మూడు రోజులిచ్చాడు.

నాలుగో రోజు ఐజాజ్ సార్ నల్లద్దాలు పెట్టుకుని వచ్చాడు. మూతపడని కంటికి దుమ్ము తగలకూడదని డాక్టరు చెప్పాడంట. మిషను అద్దాలుంటే ఒప్పుకోదు, తీస్తే ముఖం సరిపోలేదంటది. ఆయన రోజూ వచ్చి, రోజూ ఏడు క్లాసులు చెప్పి, రోజూ గైర్హాజరయ్యాడు. రెండో వారంలో హెడ్డాఫీసు నుంచి మెయిల్ వచ్చింది. అనుమతి లేకుండా ఎనిమిది రోజులు విధులకు రానందుకు సంజాయిషీ ఇవ్వాలంట.

సుందరరావు ఆ కాగితం ఆయన చేతికే ఇచ్చాడు.

"నేను రోజూ మీ ఎదురుగానే ఉన్నాను గదా సార్," అన్నాడు ఐజాజ్ సార్.

"నాకు తెలుసయ్యా. సిస్టంకి తెలవాలి గదా. కొత్త ముఖం ఎక్కించాలంటే పైన అప్రూవల్ కావాలి. పాత ముఖం ఎప్పటికి వస్తదో కనుక్కో, ఈలోపు రెండు లైన్లు సంజాయిషీ రాసిచ్చెయ్."

నేను ఆ గదిలోనే మార్కుల రిజిస్టరు మీద సంతకం పెడతన్నా. ఐజాజ్ సార్ అక్కడే నిలబడి సంజాయిషీ రాశాడు. క్షమించమని రాశాడు.

డిసెంబరు మొదటి ఆదివారం మాకందరికీ ఒత్తిడిని జయించటం ఎలా అని ఒక మీటింగు పెట్టారు. నెలకి ఒక్క ఆదివారం మధ్యాహ్నం మాకు సెలవు, పెట్టింది ఆ పూటే. రాకపోతే సంజాయిషీ. కోటేసుకుని ఒక కుర్రాడు విజయవాడ నుంచి వచ్చాడు. చెవికి మైకు తగిలించుకుని, స్టేజీ మీద అటూ ఇటూ నడిచాడు. ఒత్తిడి పనిలో ఉండదంట, మన ఆలోచనలో ఉంటదంట. పొద్దున లేచి పది నిమిషాలు సూర్యుణ్ణి చూడమన్నాడు. మేం కాలేజీకి వచ్చేసరికి సూర్యుడు ఉండడు, పోయేసరికీ ఉండడు. మొదటి వరసలో సుందరరావు తలూపుతా నోట్సు రాసుకుంటన్నాడు.

"ఇప్పుడందరూ పక్కవాళ్ళని చూసి హాయిగా నవ్వండి," అన్నాడు కుర్రాడు. అందరం నవ్వాం. అలవాటే గదా, చెప్పింది చెయ్యటం. "రెండో వరసలో నల్లద్దాల హీరో గారూ, మీరు నవ్వట్లేదు. మీ కోసం అందరం ఆగుతాం."

ఐజాజ్ సార్ లేచి నిలబడ్డాడు. అద్దాలు తీసి చేత్తో పట్టుకున్నాడు.

"నవ్వుతున్నాను సార్," అన్నాడు. "నాకు ఇంతే వస్తది."

కుర్రాడు ఒక్క క్షణం తడబడ్డాడు. తర్వాత వాడికి నేర్పించిందేదో గుర్తొచ్చినట్టుంది. "చూశారా, దీన్నే పాజిటివ్ యాటిట్యూడ్ అంటాం. గట్టిగా చప్పట్లు కొట్టండి," అన్నాడు.

మేం కొట్టాం. నలభై మందిమి, డిగ్రీల మీద డిగ్రీలు చదివినవాళ్ళం, కొట్టాం. నా అరచేతులు చూసుకుంటే ఇప్పటికీ రోత పుడుద్ది.

ఆయన అద్దాలు పెట్టుకుని, వరసలోంచి మెల్లగా బయటికి పోయాడు. సోమవారం రాలేదు. మళ్ళీ ఎప్పుడూ రాలేదు.

పది రోజుల తర్వాత ఆయన భార్య సమ్రీన్ ఫోన్ చేసి, ఒకసారి రా అక్కా అంటే బరంపేటలో వాళ్ళింటికి పోయా. సమ్రీన్ ఇంట్లోనే బట్టలు కుడుద్ది. ఐజాజ్ సార్ మంచం మీద గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. పగలంతా అట్టాగే పడుకుంటన్నాడంట. తెల్లారి అయిదింటికి మాత్రం లేచి, షర్టు, ప్యాంటు, బూట్లు వేసుకుని మంచం అంచున కూర్చుంటాడంట. ఎక్కడికీ పోవక్కర్లేదని ఆమె చెప్తే, గంట తర్వాత బూట్లు విప్పుతాడంట. రెండో తరగతి చదివే కూతురు ఫరా తీసివేత లెక్క చెప్పమంటే పలక చేతిలో పట్టుకుని ఏడ్చాడంట.

ఆయన తండ్రి మౌలాలీ గడపలో కూర్చుని ఉన్నాడు. మాచర్ల దగ్గర ముప్ఫై ఏళ్ళు నాపరాళ్ళు కోసిన మనిషి, మాట మాటకీ దగ్గు.

"మా పనికి ఒళ్ళు పోద్దమ్మా, అది తెలిసే చేశాం," అన్నాడు. "వీడికన్నా ఆ దుమ్ము వద్దని చదివించా. నీడపట్టున పాఠం చెప్పేవాడికి మూతి ఎట్టా పోయిందో నాకు అర్థం కావట్లా. మీరు చదువుకున్నోళ్ళు, మీరన్నా చెప్పండి."

నేను లేచి లోపలికి, సమ్రీన్ దగ్గరికి పోయా.

సమ్రీన్ నన్ను పిలిచింది వేరే పని మీద. వినుకొండలో చిన్న స్కూలు ఒకటి ఉంది, పూటకి రెండు క్లాసులు చాలు, ఆరోగ్యం కుదురుకున్నాక రమ్మన్నారు. కానీ అసలు సర్టిఫికెట్లు చూపించాలి. అవి మా కాలేజీలో ఉన్నయ్. ఉద్యోగంలో చేరేటప్పుడు అందరివీ తీసి పెట్టుకుంటారు, మధ్యలో ఎవరూ పారిపోకుండా. నావీ అక్కడే ఉన్నయ్.

తర్వాతి ఆదివారం సమ్రీన్ కాలేజీకి వచ్చింది. ఆరోజు హాస్టలు పిల్లల్ని చూట్టానికి తల్లిదండ్రులు వచ్చే రోజు. ఆవరణంతా క్యారేజీలు, చాపలు, అన్నాలు కలిపి పెట్టే అమ్మలు. ఆమెని ప్రిన్సిపాల్ రూముకి నేనే తీసుకుపోయా. సుందరరావు కూర్చోమనలేదు. ఆమె కూర్చుంది.

"సంవత్సరం మధ్యలో ఇవ్వటం కుదరదమ్మా. ఏప్రిల్ దాకా ఆగాలి. అయినా అవి నా దగ్గర లేవు, విజయవాడ హెడ్డాఫీసులో ఉన్నయ్," అన్నాడు.

"ఎప్పుడు తెప్పిస్తారు?"

"అది నా చేతిలో లేదు."

"మరి మీ చేతిలో ఏముంది సార్?" అంది సమ్రీన్. గొంతు పెంచలేదు. "సరే. నేను పోయి ఆ మెట్ల మీద కూర్చుంటా. అంతమంది అమ్మలున్నారు, ఎందుకు కూర్చున్నావని ఎవరో ఒకరు అడుగుతారు. అడిగినోళ్ళకి మా ఆయన ఫోటో చూపిస్తా. ముందుదీ, ఇప్పటిదీ."

"బెదిరిస్తన్నావా?"

"లేదు సార్. అడిగితే చెప్తానంటన్నా."

సుందరరావు నా వైపు చూశాడు, ఈమెకి నువ్వు చెప్పు అన్నట్టు. పదమూడేళ్ళు ఆయన చూపుకి నేను పలికా. ఆరోజు ఎందుకో పలకబుద్ధి కాలేదు.

"సార్, అవి విజయవాడలో లేవు," అన్నా. "మీ వెనక బీరువాలో కింది అరలో ఉన్నయ్. ఆగస్టులో నేనే సర్ది పెట్టా."

ఆయన ముఖం ఎర్రబడింది. బయట తల్లిదండ్రుల గోల వినిపిస్తా ఉంది. లేచి, జేబులోంచి తాళం తీసి, బీరువా తెరిచాడు. విజయవాడ అంత దగ్గరకి వచ్చేసింది. పై అరలో మాత్రల అట్టలు పేర్చి ఉన్నయ్. పేరు చూస్తే బీపీ మాత్రలు, ఐజాజ్ సార్ వాడేవే. అన్నీ ఖాళీ చేసిన అట్టలు, పారెయ్యకుండా దాచుకున్నాడు. పాపం ఈయనా అంతేనా అని జాలిపడదామని చూశా. రాలేదు. ఆ మాత్ర ఎందుకు మింగాల్సి వస్తందో తెలిసిన మనిషి, మూతి వంకరపోయినవాణ్ణి ఫస్ట్ అవర్‌కి పంపాడు.

సమ్రీన్ ఒక్కో సర్టిఫికెట్టూ తిప్పి చూసుకుని, సంచిలో పెట్టుకుని లేచింది. "వస్తా అక్కా," అని నాకు మాత్రమే చెప్పింది.

సంక్రాంతి సెలవులయ్యాక ఐజాజ్ సార్ వినుకొండ స్కూల్లో చేరాడు. ముఖం ముప్పావు వంతు బాగుపడింది, కంట్లో మాత్రం నీళ్ళు కారతా ఉంటయ్. నా క్లాసులు వేరేవాళ్ళకిచ్చి, నన్ను అడ్మిషన్ల ప్రచారానికి ఊళ్ళ మీద పంపారు. అది సుందరరావు వేసిన శిక్ష. పేరుకి బాధ్యత.

మార్చిలో, ఎండ అప్పుడే మాడుస్తుంటే, ముప్పాళ్ళ దగ్గర ఒక ఊళ్ళో అంకమ్మ అనే ఆమె ఇంటికి పోయా. ఆమె కల్లంలో మిరపకాయలు తాలూ మంచీ ఏరతంది. కూతురు పదో తరగతి పరీక్షలు రాస్తంది, స్కూల్లో ఫస్టంట. నేను రంగుల కాగితం చేతికిచ్చి, పదమూడేళ్ళుగా చెప్పిందే చెప్పా. ర్యాంకులు, ఏసీ, ప్రత్యేక శ్రద్ధ. ఆమె చివరిదాకా విని, కొంగుతో చేతులు తుడుచుకుంది.

"నీకు పిల్లలున్నారామ్మా?"

"ఒక ఆడపిల్ల."

"దాన్ని అక్కడ చేరుస్తావా?"

నేను ఆ కాగితం వైపు చూశా. దానిమీద సుందరరావు ఫోటో, పళ్ళు కనపడేట్టు.

"చేర్చను," అన్నా.

ఆమె ఏమీ ఆశ్చర్యపోలేదు. ఎండన పడి వచ్చావు, లోపలికొచ్చి కూర్చో అంది. లోటాతో మజ్జిగ తెచ్చింది. నరసరావుపేటలో ఉన్న ప్రభుత్వ కాలేజీ ఎట్టా ఉంటదో, అక్కడ జువాలజీ ఎవరు చెప్తారో అడిగింది. నాకు తెలిసింది చెప్పా. చానాసేపు చెప్పా. మిగిలిన కాగితాల కట్ట ఆమె గడప పక్కన పెట్టి, మధ్యాహ్నం బస్సుకి పేట వచ్చా. గేటు దాటి, సుందరరావు రూములోకి పోయి, నా సర్టిఫికెట్లు అడిగా.