గోపయ్య వేసిన ముడి

గోపయ్య వేసిన ముడి ఊడిందని ఇబ్రహీంపట్నంలో ఇంతవరకు ఎవరూ అనలేదు. చేపలు పట్టేవాళ్ళ సంఘంలో ఆయన మాటకు పెద్ద విలువ లేదు. మీటింగులో లేచి నిలబడితే సగం మంది బీడీలకని బయటికి పోతారు. కానీ వల చిరిగితే మాత్రం ఎంతటివాడైనా ఆయన గడప తొక్కాల్సిందే. అరవై రెండేళ్ళ మనిషికి ఆ మాత్రం గొప్ప చాలు. ఆ గొప్పే మొన్న సోమవారం ఆయన కొంప ముంచబోయింది.

అంతకుముందు రోజు సాయంత్రం సంగతి మొదట చెప్పాలి. గోపయ్య డాబా మీద తన విసురు వల ఆరేశాడు. ఎక్కడినుంచి లేచిందో గాలి, వలను లేపి తీసుకుపోయి, కరెంటు స్తంభం నుంచి డాబా మీదుగా ఇంట్లోకి దిగే ఇంటర్నెట్ వైరుకు చుట్టబెట్టింది. అంచంతా సీసం గుండ్లున్న వల అది. గుండ్లు వైరు చుట్టూ నాలుగైదు చుట్లు తిరిగి ఒకదానిలో ఒకటి ఇరుక్కున్నాయి. గంటసేపు కూర్చుని విప్పినా రాలేదు. ఇక ఏదో ఒకటి కోయక తప్పదు.

చాకు తీసి వల మీద పెట్టాడు. చెయ్యాడలేదు. పెద్ద చెరువు ఏళ్ళ తరబడి నెర్రెలిచ్చి ఉన్న రోజుల్లో ఆయన వల ముట్టలేదు. హయత్‌నగర్‌లో ఇళ్ళకు సున్నాలు వేశాడు, కొంగరకలాన్‌లో ఎవరివో ప్లాట్లకు కాపలా ఉన్నాడు. చెరువు మళ్ళీ నిండాక, మందగించిన చూపుతో, రెండు నెలలు నడుం నొప్పి ఓర్చుకుని అల్లిన వల ఇది. వైరుదేముంది, బజారులో గజాల లెక్కన దొరుకుతుంది. వైరు కోశాడు.

కోసి వదిలేసే మనిషి కాదు. ఒకసారి టీవీ వైరును ఎలుక కొరికితే ఆయనే తొడుగు ఒలిచి, తీగలు మెలేసి, నల్ల టేపు చుట్టాడు. ఇప్పటికీ సీరియళ్ళు వస్తూనే ఉన్నాయి. ఇదీ అంతే అనుకున్నాడు. తొడుగు ఒలిస్తే లోపల అటొకటి ఇటొకటి గట్టి తీగలు, నడుమ వెంట్రుకంత సన్నటి పోగు కనిపించాయి. తీగకు తీగ కలిపి మెలేశాడు. ఆ వెంట్రుక ఎందుకుందో అర్థం కాలేదు. చేతికి అడ్డం వస్తుంటే గోటితో పుటుక్కున తుంచేశాడు. పైన రెండు వల ముళ్ళు బిగించి, టేపు చుట్టి, బలమంతా పెట్టి గుంజి చూశాడు. చెక్కుచెదరలేదు. కిందికి దిగి అన్నం తిన్నాడు. ఎవరికీ చెప్పలేదు. దాచాలని కాదు, అది చెప్పుకోదగ్గ పనే అనుకోలేదు.

సోమవారం పొద్దున తొమ్మిదింటికి కూతురు నర్మద కంప్యూటర్ ముందు కూర్చుంది. హయత్‌నగర్‌లో చీరల దుకాణంలో ఐదేళ్ళు నిలబడి నిలబడి ఆమె కాళ్ళ నరాలు ఉబ్బిపోయాయి. డాక్టరు ఇక నిలబడే పని వద్దన్నాడు. దేవుడు కరుణించినట్టు ఒక బీమా కంపెనీలో ఇంటినుంచే ఫోన్లకు జవాబు చెప్పే ఉద్యోగం తగిలింది. ఆ ధైర్యంతో శనివారం దుకాణం మానేసింది. ఇవాళ మధ్యాహ్నం రెండింటికి పరీక్ష. పైఅధికారులు వింటుండగా ఐదుగురితో మాట్లాడాలి. రెండింటికి లైన్లో లేకపోతే ఆ చోటు జాబితాలో తర్వాతి మనిషికి పోతుంది. ఫోన్ నెట్టు మీద నడిపితే కుదరదు, ఇంటికి వైరు నెట్టు ఉండి తీరాలని కాగితం మీద సంతకం కూడా తీసుకున్నారు.

కంప్యూటర్ ఆన్ చేస్తే ఇంటర్నెట్ లేదని వచ్చింది.

ఆర్పి మళ్ళీ వెలిగించింది. అదే మాట. రౌటర్ డబ్బా నుంచి కంప్యూటర్‌కు వచ్చే వైరు పీకి, ఊది, మళ్ళీ గుచ్చింది. ఫలితం లేదు. కంపెనీ సహాయం నంబరుకు ఫోన్ చేసింది. అవతల ఒకమ్మాయి తియ్యగా, తాపీగా మాట్లాడింది.

"మేడమ్, రౌటర్ స్విచ్ ఆపి రెండు నిమిషాలు ఆగండి. ఇప్పుడు వేయండి. ఏ లైటు వెలుగుతోంది?"

"ఎర్రది. ఆగకుండ కొట్టుకుంటున్నది."

"వెనకాల చిన్న రంధ్రం ఉంటుంది, పిన్నుతో నొక్కి పట్టుకోండి మేడమ్."

నర్మద తల్లి జడపిన్ను లాక్కుని నొక్కింది. లైట్లన్నీ ఆరి ఒకటొకటే వచ్చాయి. చివరికి మళ్ళీ ఎర్రదే నిలిచింది. "కంప్లైంట్ నమోదు చేశాను, నలభై ఎనిమిది గంటల్లో మా మనిషి వస్తారు" అని ఆ తియ్యటి గొంతు పెట్టేసింది.

గడపలో కూర్చుని గోపయ్య ఇదంతా వింటూనే ఉన్నాడు. వైరు మాట వచ్చినప్పుడల్లా డాబా మీది ముడి గుర్తొచ్చింది, గుర్తొచ్చినప్పుడల్లా అది మాత్రం కాదులే అనుకున్నాడు. తీగలు కలిశాయి, ముడి బిగిసింది, ఇంకేం కావాలి? తప్పు ఆ పాత కంప్యూటర్‌దే అయి ఉంటుంది. "అమ్మినోడు మోసం జేసినట్టున్నడు బిడ్డా" అని సలహా కూడా పారేశాడు.

నర్మద వినలేదు. బల్ల కిందికి వంగి చూస్తూ తల్లి మీద విరుచుకుపడింది.

"నువ్వే అమ్మా! పొద్దుగాల చీపురు పెట్టి గుంజినవ్. ఎన్నిసార్లు జెప్పిన గీడ ఊడ్వకు అని?"

పోశమ్మ చేతిలో చీపురు అట్లాగే ఉండిపోయింది. "జర మెల్లగనే ఊడ్సిన బిడ్డా... తగిలిందో ఏమో. నేనే జేసిన్నా?" అంది. పోశమ్మ చీపురును తలుపు వెనక పెట్టి, చేసిన తప్పేమిటో తెలియకుండానే మొహం చిన్నబుచ్చుకుని వంటింట్లోకి పోయింది. గోపయ్య ఆమె వెనకే రెండడుగులు వేసి, మళ్ళీ వచ్చి గడపలోనే కూర్చుని వల అల్లే సూది చేతికి తీసుకున్నాడు.

నర్మద ఊళ్ళో ఇంటర్నెట్ లైన్లు చూసే లైన్‌మన్ రత్నాకర్‌కు ఎనిమిదిసార్లు ఫోన్ చేసింది. పన్నెండున్నరకు బండి మీద వచ్చాడు. ముప్పై ఏళ్ళ మనిషి, నడుముకు సంచి, చెవిలో పెన్సిలు. రాగానే కంప్యూటర్ వంకైనా చూడలేదు. రౌటర్‌లోకి వచ్చే వైరు పీకి ఒక చిన్న మీటర్‌కు గుచ్చాడు.

"కంప్యూటర్ మంచిగనే ఉన్నది చెల్లె. డబ్బా మంచిగనే ఉన్నది. బయటినుంచి వెలుగే వస్తలేదు."

"వెలుగేంది?" అన్నాడు గోపయ్య.

"గీ వైరుల కరెంటు పోదు కాకా, వెలుగు పోతది. నడుమ వెంట్రుకంత అద్దం పోగుంటది సూడు, అసలు సంగతంత దాంట్లనే. పక్క తీగలు ఉత్త బలానికే."

గోపయ్య చేతిలోని వల అల్లే సూది కింద పడింది. తీసుకోవడానికి వంగి, కాసేపు అట్లాగే వంగి ఉన్నాడు. గోరు కింద నిన్న ఆ పోగు తెగిన చప్పుడు ఇప్పుడు మళ్ళీ వినిపించింది. తన చేత్తో, పనికిమాలినదని తుంచి పారేశాడు.

"ఇంట్ల ఎవరన్న వైరు ముట్టిన్రా?" అని అడిగాడు రత్నాకర్.

"మా ఇంట్ల దాని జోలికి ఎవ్వరు పోరన్నా. అమ్మ గీడ ఊడ్సిందంతే."

"ఊడిస్తె తెగదు. గట్లయితె మెయిన్ లైన్ల ఉన్నట్టున్నది. స్తంభం స్తంభం సూసుకుంట పోవాలె. మూడు నాలుగు గంటలు పట్టొచ్చు."

నర్మద గోడ గడియారం చూసింది. ఒంటిగంట కావడానికి పది నిమిషాలు. ఆమె ఏడవలేదు. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, ఆరిన తెర వైపు చూస్తూ కూర్చుంది. దుకాణంలో సాయంత్రం పూట కాళ్ళు లాగుతున్నా కొనేవాళ్ళ ముందు నవ్వుతూ నిలబడే పిల్ల, ఇవాళ కుర్చీలో కూర్చుని కూడా అంత అలసిపోయి కనిపించింది. రత్నాకర్ సంచి సర్దుకుని చెప్పుల్లో కాళ్ళు పెట్టాడు.

గోపయ్యకు భయమేసింది. నిజం చెప్పొద్దూ, కూతురి కోపానికి కాదు. ఇంత వయసొచ్చి, ఇన్ని ముళ్ళు వేసి, తన చేతిపని తప్పని ఊరి లైన్‌మన్ ముందు ఒప్పుకోవడానికి భయం. సాయంత్రానికి సంఘంలో అందరికీ తెలుస్తుంది. మాట మింగేస్తే రత్నాకర్ స్తంభాల వెంట పోతాడు, తాను డాబా ఎక్కి ఆ ముడిని ఎట్లాగో మాయం చేస్తాడు, తప్పు ఏ కోతి మీదికో పోతుంది. ఇంత ఆలోచించాడు, దాచడమెందుకు? వంటింట్లోంచి పోశమ్మ "నా చేతులిరగ, ఊడ్వకుంటె అయిపోతుండె" అని తనలో తాను అనుకోవడం వినిపించింది. ఆ మాటతో ఇక ఆగలేకపోయాడు.

"ఆగు తమ్మీ. స్తంభాలకాడికి పోకు. డాబా మీద నేనే కోసిన. వల చిక్కువడ్డది, దాన్ని కోయనీకె చెయ్యాడలే."

ముగ్గురూ డాబా ఎక్కారు. ముడి ఎండలో నల్లగా మెరుస్తోంది. రత్నాకర్ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, గుంజి చూసి, నవ్వాపుకోలేకపోయాడు. "అబ్బ, మస్తు ఏసినవ్ కాకా. లారీ కట్టి గుంజినా రాదు. కాని వెలుగు కూడ రాదు." గోపయ్య తల ఎత్తలేదు. నర్మద తండ్రిని ఒక్క చూపు చూసింది, తిట్టడానికి కూడా తీరిక లేని చూపు.

"అతికియ్యొచ్చా అన్నా?"

"రెండు ముక్కలు కలిపే మిషను తుక్కుగూడల ఇంకొకాయన దగ్గరున్నది చెల్లె. పొద్దుగూకితె గాని రాదు. నా దగ్గర కొసకు పెట్టే క్లిప్పు ఒక్కటే ఉన్నది. అంటె, స్తంభం దిక్కుకెళ్ళి వచ్చిన ముక్కకు గీడనే క్లిప్పు పెట్టి, డబ్బా గీడికి తెస్తె వెలుగొస్తది. కింద మాత్రం ఇయ్యాల కాదు."

"గీడ" అంటే మెట్ల పైనున్న చిన్న గది. గోపయ్య వలలు, తడి గోనెసంచులు, చేపల బుట్టలు పెట్టుకునే చోటు. కిటికీ లేదు, నీచు వాసన గోడలకే పట్టి ఉంది. నర్మద ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. కొంగు దోపి కిందికి పరుగెత్తింది.

ఆ తర్వాత ముప్పావు గంటలో ఆ ఇంట్లో ఎవరూ ఎవరినీ ఏమీ అనలేదు, అంత పని పడింది. గోపయ్య వలలన్నీ బయట ఎండలోకి విసిరేశాడు. పోశమ్మ గది కడిగి అగరొత్తులు నాలుగు ఒకేసారి వెలిగించింది. రత్నాకర్ ముడిని కోసి పారేసి, పోగును చిన్న బ్లేడుతో ఓపిగ్గా చెక్కి క్లిప్పులో దూర్చాడు. నర్మద టీవీ మోసినట్టు కంప్యూటర్‌ను ఎత్తుకుని, ఉబ్బిన కాళ్ళతో పద్దెనిమిది మెట్లు ఎక్కింది. తండ్రి చేయి వేయబోతే "నువ్వు ముట్టకు" అంది. ఎక్స్‌టెన్షన్ బోర్డు కింది గదినుంచి లాగారు. బల్ల పైకి ఎక్కలేదు, చేపల బుట్టలు రెండు బోర్లించి వాటి మీద చెక్క పలక వేశారు.

ఒంటిగంట యాభై రెండుకు ఎర్ర లైటు ఆరి పచ్చది వెలిగింది.

నర్మద హెడ్‌ఫోన్లు పెట్టుకుని తలుపు దగ్గరికి వేసుకుంది. పైకి ఎవరినీ రానివ్వకుండా గోపయ్య మెట్ల మధ్యలో కూర్చున్నాడు. ఎవరు వస్తారని? ఎవరూ రారు. ఆయనకు అక్కడ కూర్చోవాలనిపించింది, అంతే. తలుపు సందులోంచి కూతురి గొంతు వినిపించడం మొదలైంది, దుకాణంలో నేర్చుకున్న పట్నం మాట.

"నమస్కారం సార్, చెప్పండి... ఏం నొక్కారండీ?... పాలసీ రద్దు చేయమని నొక్కారా? ఎప్పుడు?"

అవతలి మాట వినపడదు. నర్మద వింటూ మధ్య మధ్య "ఊఁ" అంటోంది. ఎవరో పెద్దాయన ఏడుస్తున్నాడో, భార్యకు తెలియనివ్వొద్దని బతిమాలుతున్నాడో.

"భయపడకండి సార్. మీరు చెడగొట్టాలని చేయలేదు కదా, బాగుచేద్దామనే చేశారు. తెలియక జరిగినదానికి మిమ్మల్ని ఎవరేమంటారు? దాచకుండా చెప్పారు, అదే మేలు. నేనున్నాను, ఇద్దరం కలిసి నిదానంగా సరిచేద్దాం."

గోపయ్య తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు. పొద్దుటినుంచి తనకు ఎవరైనా ఆ మాట చెబితే బాగుండునని ఉంది, తీరా విన్నది ఇంకొకరికి చెప్పిన మాట. అయినా తన బిడ్డకు అంత నిదానం ఉందని ఆయనకు ఇన్నాళ్ళూ తెలియదు. ఆమె కూర్చుని మాట్లాడే పనికే పుట్టిందని ఆ మెట్ల మీద అర్థమైంది.

నాలుగున్నరకు తలుపు తెరుచుకుంది. నర్మద వచ్చి పై మెట్టు మీద నిలబడింది. చెవుల దగ్గర హెడ్‌ఫోన్ల ముద్రలు ఎర్రగా పడ్డాయి.

"రేపటికెళ్ళి పనిలకు రమ్మన్నరు."

"మంచిగాయె బిడ్డా."

"ఆ ముసలాయనతోని మాట్లాడింది విన్నవా?"

"విన్న."

"గది నీకు చెప్పిన మాట గాదు. ఆయన మీద నాకు కోపం లేదు. నీ మీద ఉన్నది. వల కోయనీకె చెయ్యాడలేదన్నవ్. నా వైరు మీద ఎట్ల ఆడింది బాపూ?"

గోపయ్యకు అబద్ధం చెప్పడానికి ఏమీ మిగల్లేదు.

"వలల నా రెండు నెలలున్నయని నాకెరుక. గా వైరుల నువ్వున్నవని నాకెరుకలేదు బిడ్డా."

నర్మద మెల్లగా, నొప్పి కాలు ముందు పెట్టి, ఆయన కూర్చున్న మెట్టు దాకా దిగింది.

"జర జరుగు" అంది. "కోపం ఇంక తగ్గలే. కాళ్ళు గుంజుతున్నయ్, గందుకే కూసుంటున్న."

గోపయ్య గోడకు అంటుకుపోయేంతగా జరిగి కూతురికి చోటిచ్చాడు.