భుజం కొలత

"సీసపు గుళ్ళన్నీ జాగ్రత్తగా తియ్యి మెరియెల్. పోయినసారి జెరాల్డ్‌కి పన్ను విరిగినంత పనైంది" అన్నాడు క్లైవ్, బురద బూట్లతోనే వంటింట్లోంచి నడిచి వెళ్ళిపోతూ.

సింకు పక్కన పన్నెండు ఫెజెంట్ పిట్టలు. కిందటి శనివారం అతనూ అతని స్నేహితులూ వేటకెళ్ళి కొట్టినవి. వారం రోజులు షెడ్డులో మెడలకు తాళ్ళు కట్టి వేలాడదీసి, "ఇప్పుడు రుచికొచ్చాయి" అంటూ తెచ్చి నా ముందు పడేశాడు. రుచికి రావడమంటే కుళ్ళడం మొదలవడమే. ఈక పీకితే దాంతోపాటు చర్మమూ ఊడి వస్తుంది. పొట్టలో వేళ్ళు పెడితే చల్లగా, జిగటగా తగులుతుంది. ఆ వాసన ముక్కుకి కాదు, నాలుకకి తెలుస్తుంది. ఒక్కో సీసపు గుండూ లోపలికి పోతూ ఒక చిన్న ఈక ముక్కని తనతో లాక్కుపోతుంది. ఆ ఈకని పట్టుకుని మాంసంలోకి వెళ్తే గుండు దొరుకుతుంది. ఈ కిటుకు నాకెవరూ నేర్పలేదు. గుండు తీసి సాసర్లో వేస్తే టిక్కుమంటుంది. రేపు మధ్యాహ్నం జెరాల్డ్ నోరు తుడుచుకుంటూ, "క్లైవ్, అద్భుతమైన పిట్టలోయ్" అంటాడు. క్లైవ్ వినయంగా తల వంచుతాడు. కూరగిన్నె పట్టుకుని నేను వాళ్ళిద్దరి మధ్యే నిలబడి ఉంటాను కానీ, ఆ వాక్యంలో ఎక్కడా ఉండను.

చేతులు నిమ్మకాయతో రెండుసార్లు రుద్ది కడుక్కుని, పిండి డబ్బా వెనక దాచిన కవరు తీశాను. మంగళవారం వచ్చింది, పోలీసు శాఖ నుంచి. నా పేరుమీద తుపాకీ లైసెన్సు. పాతది గడువు తీరిపోయి పందొమ్మిదేళ్ళు. ఈ సాయంత్రం నాకని ఒక తుపాకీ కొనుక్కోవాలి. నాకని. ఆ మాట మనసులో అనుకోవడానికే కొత్త భాష మాట్లాడుతున్నట్టుంది.

ఇరవై మూడేళ్ళప్పుడు నేను తుపాకీ పోటీల్లో హెరిఫర్డ్‌షైర్ జట్టుకి ఆడాను. ప్రాణమున్న పిట్టల మీద కాదు, మట్టి పిట్టల మీద. నారింజ రంగు సాసరు ఒకటి గాల్లోకి ఎగురుతుంది, తగిలితే నల్లటి పొడై రాలిపోతుంది. దానికి ఈకలు పీకక్కర్లేదు, పేగులు తియ్యక్కర్లేదు. క్లైవ్ నన్ను చూసింది ఆ మైదానంలోనే. "ఈ పిల్ల నాకంటే బాగా కొడుతోంది. పెళ్ళి చేసుకుని జట్టులోంచి తప్పించడమే మార్గం" అన్నాడట స్నేహితులతో. మా పెళ్ళి విందులో జెరాల్డ్ లేచి నిలబడి ఆ మాట అందరికీ చెప్తే గుడారమంతా గొల్లుమంది. అందరికంటే గట్టిగా నవ్వింది నేనే. ఆ నవ్వు గుర్తొచ్చినప్పుడల్లా గ్లాసులో ఎవరో ఉమ్మినట్టు ఒళ్ళు జలదరిస్తుంది.

అతనన్నట్టే తప్పించాడు. చెయ్యి పట్టుకుని ఆపలేదు, అరవలేదు. మా అమ్మాయి బెథన్ పుట్టాక, "పసిపిల్ల ఉన్న ఇంట్లో ఎన్ని తుపాకులు మెరియెల్? నాదొక్కటి చాలు" అన్నాడు. ఒక ఆదివారం కూరలో గ్రేవీ పోస్తుంటే, నా తుపాకీ ఇచ్చేసి దాని బదులు తనకో కొత్తది తెచ్చుకున్నానని చెప్పాడు. "ఊరికే పడి ఉంది కదా." నేను గ్రేవీ పోయడం ఆపలేదు. తర్వాత వాళ్ళమ్మ డొరీన్‌కి పక్షవాతం వచ్చింది. "అమ్మ కోలుకోనీ. మట్టి పిట్టలు ఎక్కడికైనా వలసపోతాయా?" అని నవ్వాడు. డొరీన్ పదకొండేళ్ళు మా కింది గదిలో ఉంది. పొద్దున ఆమెకి ఒళ్ళు తుడిచి, బేసిన్లు కడిగి, ఆస్పత్రిలో రిసెప్షన్ బల్ల దగ్గర కూర్చుని, మధ్యాహ్నం పరుగున వచ్చి మళ్ళీ బేసిన్లు కడిగి, మళ్ళీ బల్ల దగ్గరికి పరిగెత్తేదాన్ని. "అమ్మాయ్, నీ చేతులు మొరటు. తుపాకీ పట్టిన చేతులు కదా" అనేది డొరీన్, నేను చెంచాతో సూపు పడుతుంటే. మింగాక అనేది, మింగకముందు కాదు.

ఆమె మార్చిలో పోయింది. చర్చి బయట నిలబడి క్లైవ్ వచ్చినవాళ్ళందరి చేతులూ పట్టుకుని, "చాలా కష్టపడ్డాం. చివరి రోజు వరకూ మేమే చూసుకున్నాం" అన్నాడు. ఆ 'మేం' విన్నప్పుడు నాకు ఏడుపు రాలేదు, కోపం రాలేదు. రొట్టె కొరికితే లోపల బూజు తగిలినట్టయింది. ఆ మర్నాడే లైసెన్సు ఫారం నింపాను. విచారణకి వచ్చిన పోలీసాయన అభ్యంతరమేమన్నా ఉందా అని అడిగితే క్లైవ్, "పాపం, అమ్మ పోయాక దానికేం తోచట్లేదు. ఏదో ఒక కాలక్షేపం ఉండనివ్వండి" అన్నాడు.

లెమ్‌స్టర్ రోడ్డు మీద తుపాకుల కొట్టుకి నేనొక్కదాన్నే వెళ్దామనుకున్నాను. కారు తాళాలు క్లైవ్ చేతిలో ఉన్నాయి. "నిన్నొక్కదాన్నే పంపిస్తే వాళ్ళు నీకు పనికిమాలింది అంటగడతారు."

కొట్లో గ్యావిన్ అనే సేల్స్‌మన్ చిరునవ్వుతో నా పక్కనుంచి దాటి వెళ్ళి క్లైవ్‌తో చెయ్యి కలిపాడు.

"చెప్పండి సార్, మేడమ్‌కి ఎలాంటిది చూపించమంటారు?"

"తేలికైంది. ఇరవై బోరు. ఈమె మొయ్యగలగాలి కదా!"

పక్షవాతంతో బిగుసుకుపోయిన డొరీన్‌ని రోజుకి ఆరుసార్లు మంచం మీంచి లేపిన చేతులివి అని చెప్పాలనిపించింది. తేలికైన తుపాకీ కాల్చినప్పుడు భుజాన్ని ఎక్కువ తంతుందని కూడా. గ్యావిన్ ఒక సన్నటి తుపాకీ తీసి క్లైవ్ చేతికిచ్చాడు. క్లైవ్ భుజానికి ఎత్తి, గోడమీదున్న జింకతలకి గురిపెట్టి, "నాకు సరిగ్గా సరిపోయింది" అన్నాడు తృప్తిగా. "ఇదే తీసుకుందాం. పావురాల వేటకి నేనూ పట్టుకెళ్ళొచ్చు."

"ఆడవాళ్ళకని నెలకో రోజు ప్రత్యేకంగా పెడతాం కూడా మేడమ్" అన్నాడు గ్యావిన్, అప్పటికి నన్ను చూసి. "కేకులు, వైను. మధ్యలో కాస్త షూటింగు." గులాబీరంగు తూటాల సంచీ ఒకటి బల్లమీద పెట్టాడు. మూత మీద తళుకులతో కుట్టిన తుమ్మెద. దాన్ని చూస్తుంటే పొద్దుటి పిట్టల పొట్టల్లో చెయ్యి పెట్టినప్పుడు ఇంతకంటే శుభ్రంగా అనిపించింది కదా అనుకున్నాను.

వెనక గదిలోంచి ఒక పెద్దాయన వచ్చాడు. ఏప్రాను నిండా చెక్కపొడి. కొట్టు ఆయనదే, పేరు ప్రోసర్. తుపాకీ ఒంటికి సరిపోయేలా చెక్క సరిచేసే పని కూడా ఆయనదే. క్లైవ్ చేతిలో తుపాకీనీ, నా చేతుల్నీ ఒకసారి చూశాడు.

"కొనేది ఎవరండీ?"

"నేను" అన్నాను.

"అయితే కాల్చి చూడాల్సింది మీరే కదమ్మా. రండి, వెనక మైదానం ఉంది."

మా రోజుల్లో పిట్టని విసరడానికి బటన్ నొక్కే మనిషొకడుండేవాడు. ఇప్పుడు కర్రకి బిగించిన చిన్న డబ్బా. 'పుల్' అని, అంటే విసరమని, మనం అంటే ఆ గొంతు విని మిషను పిట్టని విసురుతుందట. తుపాకీ ఎత్తి, "పుల్" అన్నాను. ఏమీ ఎగరలేదు. మళ్ళీ అన్నాను. గడ్డి మీద గాలి తప్ప ఏమీ కదల్లేదు.

క్లైవ్ తొడ చరుచుకున్నాడు. "చూశావా! డబ్బాకి కూడా వినపడట్లేదు. నాకు చెవుడంటావుగా, ఇప్పుడేమంటావ్?"

గ్యావిన్ కిసుక్కున నవ్వాడు. నేను తుపాకీ దించాను. నా గొంతు ఎప్పుడు తగ్గిందో నాకే తెలీదు. డొరీన్ నిద్ర లేస్తుందని తగ్గిందా, క్లైవ్ ఫోన్లో ఉన్నాడని తగ్గిందా, "రోగులకి ఇబ్బంది, కొంచెం మెల్లగా మాట్లాడు" అని డాక్టరుగారు అన్నప్పుడు తగ్గిందా? ఎవరూ లాక్కోలేదు. రోజుకి కొంచెం చొప్పున నేనే తగ్గించి ఇచ్చాను. చివరికి మనిషి గొంతు వినడానికే పెట్టిన మిషను కూడా నన్ను గాలి కింద జమకట్టింది.

మూడోసారికి పిట్ట ఎగిరింది. ఆలస్యంగా కాల్చాను. తగల్లేదు. తుపాకీకి భుజాన ఆనే చెక్క మడమ వెనక్కి తన్ని, కింది కొస మెడ ఎముక కింద పొడిచింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఎక్కడ గుచ్చుకుంది?" అన్నాడు ప్రోసర్.

"దానికేం కాలేదు. అలవాటు తప్పింది, అంతే" అన్నాడు క్లైవ్.

ప్రోసర్ తల తిప్పలేదు. "భుజం ఆవిడది కదండీ. ఆవిడ్నే చెప్పనివ్వండి."

మిరియాల డబ్బా ఎక్కడ, నీలం మేజోళ్ళెక్కడ, అమ్మ మాత్రలెక్కడ అని నన్ను రోజుకి నలభైసార్లు అడుగుతారు. నొప్పెక్కడ అని అడిగితే దానికి జవాబు ఎలా చెప్పాలో మర్చిపోయాను. ఆయన తొందరపెట్టలేదు. ఒక స్టూలు లాగి పక్కన పెట్టి, ఎటో చూస్తూ నిలబడ్డాడు. చివరికి వేలితో చూపించాను, రొమ్ము మొదలయ్యే చోటు.

"అక్కడే కదా. వీటిని మగవాళ్ళ ఛాతీకి చెక్కుతారమ్మా. కింది కొస మీకు గుచ్చుకోక ఏం చేస్తుంది? తప్పు మీది కాదు, చెక్కది."

కొలతల కోసమే ఉంచుకున్న, మరలతో మడమని అటూ ఇటూ కదల్చగలిగే బరువైన తుపాకీ ఒకటి తెచ్చాడు. పన్నెండు బోరు; అంకె తగ్గేకొద్దీ గొట్టం లావు. నా భుజానికి ఆనించి, చెక్కని కాస్త పొట్టి చేశాడు, కొసని కాస్త పక్కకి తిప్పాడు. నా చెంప తగిలే చోటు చల్లగా ఉంటుందని అరచేత్తో రుద్ది మరీ ఇచ్చాడు.

"ఇంకోటి. ఆ డబ్బాకి మర్యాద తెలీదమ్మా. అరవాలి."

ఊపిరి పీల్చాను. "పుల్!"

పక్క పొలంలో కాకులన్నీ లేచాయి. ఆ అరుపు నాదని తెలియడానికి ఒక క్షణం పట్టింది. ఈలోపే నారింజ సాసరు చెట్ల మీదుగా వెళ్తోంది. నేను ఆలోచించలేదు. అది నల్లటి పొడైపోయింది. భుజం మీద అరచేయంత బరువు ఆని, వెళ్ళిపోయింది. ఎక్కడా గుచ్చుకోలేదు. మళ్ళీ అరిచాను. మళ్ళీ పొడి.

"ఏంటా అరుపు, సంతలో పందుల్ని అమ్మేదానిలాగా" అన్నాడు క్లైవ్. అతని చెవులు ఎర్రగా ఉన్నాయి.

లోపలికొచ్చాక, అదే రకం మామూలు తుపాకీ ఒకటి తీసి బల్లమీద పెట్టాడు ప్రోసర్. మడమ మీద పెన్సిలుతో గీత గీశాడు. "ముప్పావు అంగుళం కోసెయ్యాలి. కొస పక్కకి చెక్కాలి."

"కోతలేం వద్దు" అన్నాడు క్లైవ్. "కోస్తే ఇంకెవరికి పనికొస్తుందది? ఏడాదిలో దీని మోజు తీరిపోతుంది, అప్పుడు నేను వాడుకుంటా. ఉన్నది ఉన్నట్టు ఇచ్చెయ్యండి, దీనికే మెల్లగా అలవాటవుతుంది." నా వీపు మీద చెయ్యి వేశాడు. "మా మెరియెల్ దేనికైనా అలవాటు పడిపోతుందండీ. అదే దాని గొప్పతనం."

మెచ్చుకోలుగానే అన్నాడు. అందులో అబద్ధం కూడా లేదు. కుళ్ళిన పిట్టలకి అలవాటు పడ్డాను. బేసిన్లకి, చెంచాడు సూపు మింగాక వచ్చే మాటలకి, 'మేం'కి, వీపు మీద ఈ చేతికి. ఏది పెట్టినా మింగగలిగే మనిషిని నేనే తయారుచేసి, ఇంటి మధ్యలో కూర్చోబెట్టాను. గొంతులోకి చేదు ఎగదన్నింది. పొద్దున సింకు దగ్గర వచ్చిన చేదే. ఇన్నాళ్ళూ అది పిట్టల వాసన అనుకున్నాను.

"కోసెయ్యండి" అన్నాను. "ఇప్పుడే. నేను చూస్తుండగా."

"మళ్ళీ అతకదు. తెలుసా నీకు?" అన్నాడు క్లైవ్.

"తెలుసు."

ప్రోసర్ నా మొహం ఒక్కసారి చూశాడు. క్లైవ్ మొహం చూడలేదు. చెక్క పెచ్చులూడకుండా గీత చుట్టూ టేపు చుట్టి, రంపం అందుకున్నాడు. మొదటి గీటు పడగానే క్లైవ్ తలుపు దభాలున వేసి కారు దగ్గరికి వెళ్ళిపోయాడు. నేను స్టూలు మీద కూర్చుని చివరిదాకా చూశాను. వాల్‌నట్ చెక్కపొడి ఎర్రగా, తియ్యటి వాసనతో ఆయన బూట్ల మీద రాలింది.

"కొసకి రబ్బరు అతికించి ఆరబెట్టాలి. గురువారానికి మీ చేతికిస్తాను" అంటూ ఆయన రిజిస్టరు తెరిచాడు. "తుపాకీ ఎక్కడ ఉంచుతారో పోలీసులకి రాసి పంపాలమ్మా. మెరియెల్ హాలెట్. అడ్రసు లైసెన్సు మీద ఉన్నదే కదా?"

బయట కారు హారను మోగింది. ఒకసారి. ఆగి, ఇంకోసారి, ఈసారి చాలాసేపు.

"అది రాయకండి" అన్నాను, గది చివరిదాకా వినపడేలా. "గురువారం వచ్చినప్పుడు కొత్త అడ్రసు చెప్తాను."