వంటల ఫోల్డరు

"నీ బొమ్మల సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్ ఎక్కించేసేను. పాతది తీసి పారేసేను. ఇంక నీకే బెంగా లేదు."

చర్చి నుంచి వచ్చి చీరైనా మార్చకుండా బియ్యం కడుగుతున్న ఎవాంజలిన్ చేతులు నీళ్ళలోనే ఆగిపోయాయి. గుమ్మంలో మొగుడు ప్రేమ్ కుమార్, ఏదో ఘనకార్యం చేసినట్టు నవ్వుతూ నిలబడ్డాడు. ప్రార్థన ఎగ్గొట్టి ఇంట్లో ఉండిపోయింది ఇందుకన్నమాట!

"మరి నేను చేసుకున్న బ్రష్‌లేవీ?"

"అవే వచ్చేస్తాయే. రావికమతం కాలేజీలో కంప్యూటర్లన్నీ సూసేవోణ్ణి, నాకు తెల్దేటి?"

చేతులు కొంగుకు తుడుచుకుని కంప్యూటర్ ముందు కూలబడింది. విశాఖలో ఒక కంపెనీకి ఇంటి నుంచే తెర మీద బొమ్మలు చెక్కిపెడుతుందామె. చెక్కడానికి వాడే పనిముట్లే ఈ బ్రష్‌లు; సాఫ్ట్‌వేర్‌తో వచ్చేవి అందరికీ ఉంటాయి. తనవి మాత్రం ఏళ్ళ తరబడి తను తయారుచేసుకున్నవి. రేపు ఒక ముసలమ్మ ముఖం పంపాలి, అదీ కొత్త వెర్షన్‌లోనే కావాలన్నారు. తన బ్రష్‌లు లేకపోతే అది ఎవరైనా చేయగల ముఖం. దానికి తనే ఎందుకు? తెర నిండా సాఫ్ట్‌వేర్‌తో వచ్చినవే ఉన్నాయి. తనవి ఒక్కటీ లేదు. వేరేచోట ఇంకో కాపీ దాచానా? అసలు దాచానా? దాచినట్టే గుర్తు. ఆ గుర్తు నిన్నటిదో, పోయినేడాదిదో తెలియడం లేదు. ఏళ్ళ తరబడి చేశాననుకుంటున్నదంతా నిజంగా చేసిందేనా అని కూడా అనుమానం వచ్చి భయమేసింది.

"మొన్న కళ్ళద్దాలు తల మీదెట్టుకుని ఇల్లంతా ఎతికింది ఈ గుంట," అంది అత్తగారు ఏసుమణి, పక్కగదిలోంచి. "ఆ బొమ్మలాట మానేస్తే బుర్ర కుదురుగుంటాది."

"అన్నట్టు నీ వంటల ఫైల్సు కూడా పారేద్దామనుకున్నాను," అన్నాడు ప్రేమ్ కుమార్. "పోన్లే అని ఓ ఫోల్డర్లో పడీసేను."

"వంటల ఫైల్సేటి?"

"అదేనే, దోసె, ఉప్మా, కవ్వం, అట్లకాడ..."

గబగబా వెతికింది. 'వంటలు' అని ఉంది. తెరిస్తే అన్నీ అందులోనే ఉన్నాయి! పొయ్యి దగ్గర దోసె చిల్లుల్ని ఫోటో తీసి, ముసలివాళ్ళ చర్మానికని చేసుకున్న బ్రష్ 'దోసె'. రాతిగోడ గరుకుకు 'ఉప్మా', జుట్టు మెలికలకు 'కవ్వం', ఎత్తుపల్లాలు చదును చేసేది 'అట్లకాడ'. చేతికి తెలిసిన పేర్లు పెట్టుకుంది, అంతే. దొరికినందుకు ప్రాణం లేచొచ్చింది. వెంటనే ఏడుపూ వచ్చింది, ఎందుకో తెలియలేదు. తను ఇన్నేళ్ళూ ఈ గదిలోనే, ఇతని కళ్ళ ముందే చెక్కింది. ఆ పేర్లు చూసి, ఇవేమిటని ఒక్కదాన్నైనా తెరవాలనిపించలేదే ఈ మనిషికి! మరి తనైనా ఒక్కసారి పిలిచి చూపించిందా? ఎవరి మీద కోపమో తేల్చుకోలేకపోయింది.

ఒక్కొక్కటే కొత్త వెర్షన్‌లోకి మార్చుకుంది. 'వంటలు' ఖాళీ అయింది. చెరిపేయబోయి ఆగింది. దాని పేరు 'ప్రేమ్ కుమార్ వంటలు' అని మార్చి, తెర మీద ఎదురుగా కనబడేట్టు పెట్టింది. తర్వాత 'దోసె' తీసుకుని ముసలమ్మ బుగ్గ మీద పని మొదలుపెట్టింది. వంటింట్లో బియ్యం కడుగునీళ్ళలోనే ఉన్నాయి.

"ఒసే, ఆకలేస్తంది. ఈయేల కూరేటి?"

ఆమె తల తిప్పలేదు.

"మీ ఫోల్డర్లో ఉందండీ. తెరిసి సూసుకోండి."