రేషనా, సంబంధమా?

ఆ వారమంతా శ్రీపాదరావు కుర్చీలో కుదురుగా కూర్చోలేదు. ఆదోనిలో ఒక ట్రైనింగ్ సెంటర్లో ఏసీ మెకానిక్కు, టైలరింగు నేర్చుకున్న పిల్లోళ్ళకు ఉద్యోగాలు చూపించేది ఆయన పని. చూపించినాడు కూడా. దూరం నుంచి.

సెంటర్ ఇన్‌చార్జి ఉషశ్రీ పిలిచి చెప్పింది. "సార్, సర్టిఫికెట్లు ఎన్ని ఇచ్చినారని పైవాళ్ళు ఇప్పుడు అడగడంలేదు. నేర్చుకున్నోడు నెలకు ఎంత సంపాదిస్తాన్నాడని అడుగుతాన్నారు. ఇంటింటికీ పోయి కనుక్కొని రాండి. తర్వాత వాళ్ళే ఫోన్ చేసి సరిచూసుకుంటారంట. కనీసం సగం మందికైనా సంపాదన కనపడకపోతే కోర్సులు ఎత్తేస్తారు."

"కోర్సులు ఎత్తేస్తే నా సంగతి?"

"మిమ్మల్ని ప్రత్యేకంగా ఎత్తే పనిలేదు సార్. కోర్సుతో పాటే పోతారు," అనింది ఉషశ్రీ, చాలా మర్యాదగా.

ఇస్త్రీ చొక్కా, చంకలో ఫైలు, జేబులో రెండు పెన్నులు. ఆ వేషంలో ఆదోని సందులన్నీ తిరిగినాడు. ఫైలు చూడంగానే ఊరు ఊరంతా పేదదైపోయింది. "యాడ సంపాదన సార్, ఇంట్లో కూర్చొని తింటాన్నాడు," అని తిరుపాల్ వాళ్ళమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకునింది. ఆమె తుడుచుకుంటాంటే, గోడకున్న కొత్త ఏసీ డబ్బాలోంచి నీళ్ళు శ్రీపాదరావు బట్టతల మీద చుక్కచుక్కగా పడతాండాయి. సంపాదన లేదు, అని రాసుకున్నాడు. ఇంకో రెండు చుక్కలు పడినాక పక్కకు జరిగినాడు.

ఇంటికొచ్చి అన్నానికి కూర్చున్నాడు గానీ, ఒక ముద్ద తినడం, లేవడం, వరండాలో తిరగడం, మళ్ళీ కూర్చోవడం. భార్య సరస్వతీబాయి గరిటె పట్టుకొని చూసింది, చూసింది.

"ఏమండీ, చారు విస్తట్లో పోయాల్నా, వరండాలో పోయాల్నా?"

సంగతి చెప్పినాడు. ఆమె నవ్వింది.

"ఫైలు పట్టుకొని పోతే ఎవరు చెప్తారండీ? తెల్ల రేషన్‌కార్డు తీసేసేదానికి వచ్చినారనుకుంటారు. మొన్న వార్డు సచివాలయం నుంచి పాప వచ్చి అడిగితే మీరేం చెప్పినారు?"

శ్రీపాదరావు చారు మీద దృష్టి పెట్టినాడు. తనకొచ్చేది జీతం కాదు, గౌరవవేతనమని, అందులో కూడా గౌరవమే ఎక్కువని చెప్పినాడు ఆ పాపకు.

"సంబంధం మాట కదిలించండి," అనింది సరస్వతీబాయి. "మన వైపు ఎవరికైనా రెండు జీతాలుంటాయి. ఒకటి రేషనుకు, ఒకటి సంబంధానికి. ఫైలు చూస్తే మొదటిది చెప్తారు. అరటిపండ్లు చూస్తే రెండోది."

తెల్లారి ఇద్దరూ అరటిపండ్లు కొనుక్కొని ఎమ్మిగనూరు బస్సెక్కినారు. చేతులు ఊరికే ఉండక, దిగేలోగా శ్రీపాదరావు నాలుగు పండ్లు తినేసినాడు. ఏసీ కోర్సు చేసిన ఈరేష్ వాళ్ళది నేతోళ్ళ ఇల్లు. ముందరి గదంతా మగ్గమే. ఈరేష్ వాళ్ళమ్మ రుద్రమ్మ తలుపు తీసి, మొదట శ్రీపాదరావు చంక చూసింది. ఫైలు లేదు. సరస్వతీబాయి చెయ్యి చూసింది. చాప పరిచింది.

"మాకు తెలిసినోళ్ళు అడిగినారమ్మా. మీ వాళ్ళలోనే పిల్ల. అబ్బాయి ఏం చేస్తాడో కనుక్కోమన్నారు," అనింది సరస్వతీబాయి.

"ఏసీల పని తల్లీ! నెలకు యాభై వేలకు తక్కువ తేడు. కర్నూలు దాంక పిలుస్తారు. ఈడ పెద్దోళ్ళ ఇండ్లల్లో సల్లగాలి వస్తాందంటే మావోడి సలవే."

శ్రీపాదరావు గోడవైపు తిరిగి అరచేతిలో రాసుకున్నాడు.

బస్టాండులో నిలబడుంటే, బండిమీద ఈరేష్ ఒగరుస్తా వచ్చినాడు.

"స్వామీ, మాయమ్మ ఎక్కువ సెప్పింటాది. ఎండాకాలం నాలుగు నెలలే ఏసీల పని. మిగతా కాలమంతా మగ్గమే. అంతా కలిపి సూస్తే నెలకు పదైదు వేలు పడతాది. పెండ్లయినాక తెలిస్తే ఆ పిల్ల నన్నేమనుకుంటాది? ఇప్పుడే సెప్పేయండి వాళ్ళకు." తల గోక్కున్నాడు. "పిల్లది యా ఊరు స్వామీ?"

ఆ వారంలో మొదటిసారి శ్రీపాదరావుకు ఒక నిజమైన లెక్క దొరికింది. రాసుకునేదానికి చెయ్యి రాలేదు. ఎదురుగా ఆగిన బస్సు బోర్డు చూసి, "ఆస్పరి," అన్నాడు.

ఈరేష్ మొగం ఎంత వెలిగిందంటే, శ్రీపాదరావు వచ్చిన మొదటి బస్సెక్కేసినాడు. అది ఆదోనిది కాదని పది నిమిషాలకు తెలిసింది.

నాలుగు నెలలు మెకానిక్కు, ఎనిమిది నెలలు నేతగాడు అని రాసేదానికి రిపోర్టులో గడి లేదు. యాభై వేలకు ఉంది. యాభై వేలే రాసినాడు. మిగతా ఇండ్లకు కూడా అరటిపండ్లతోనే పోయినారు. రిపోర్టు చూసి ఉషశ్రీ, "సార్, మనం అనవసరంగా ఈ ఉద్యోగాలు చేస్తాన్నాం," అనింది.

పైవాళ్ళ ఫోన్ రానే వచ్చింది. వచ్చింది యాడికి? శ్రీపాదరావు ఇంటికే. అప్పట్లో ఏసీ బ్యాచికి ఒకడు తక్కువైతే, కొడుకు సుజయ్ పేరు తనే ఎక్కించినాడు. సుజయ్ ఒక పూట పోయి, ఉక్కగా ఉందని వచ్చేసినాడు. రిపోర్టులో వాడి సంపాదన నలభై వేలు. సొంత కొడుక్కు మరీ ఎక్కువ రాసుకుంటే బాగుండదని తగ్గించినాడు.

సరస్వతీబాయి ఫోన్‌ను అరచేత్తో మూసింది. "ఏమండీ, ఎవరో ఆడమనిషి. సుజయ్‌ది ఎంత సంపాదన అని అడుగుతాంది. రేషనా, సంబంధమా?"

వరండా ఆ కొననుంచి శ్రీపాదరావు పరిగెత్తుకొచ్చినాడు. సంబంధం అంటే చాలు, ఉద్యోగం నిలబడతాది. నోరు తెరిచినాడు. బస్టాండులో ఒగరుస్తా నిలబడిన ఆ పిల్లోని మొగం అడ్డమొచ్చింది.

"నిజం చెప్పు."

"నిజమా?" ఆమె కనుబొమలు ముడేసింది. "అది ఎవరికి చెప్తారండీ?"

అయినా మొగుని మాట కదా, చెప్పేసింది. "మావాడు బ్యాంకు పరీక్ష రాస్తానే ఉన్నాడమ్మా. ఏసీ సంగతి సరే, మా ఇంట్లో ఫ్యాను చెడిపోతే పక్కింటోళ్ళు బాగుచేస్తారు."

పైవాళ్ళు మిగతా ఇండ్లకూ ఫోన్లు చేసినారు. ఫోన్‌కు అరటిపండ్లు ఉండవు. మళ్ళీ అందరూ పేదోళ్ళయిపోయినారు. కోర్సులు పోయినాయి. ఉషశ్రీ చెప్పినట్టే, శ్రీపాదరావును ప్రత్యేకంగా ఎత్తే పని పడలేదు.

ఇంట్లో ఉంటే వరండా చాలలేదు. అట్ల తిరుగుతాంటే ఫోన్ మోగింది.

"స్వామీ, నేను ఈరేష్‌ను. ఆస్పరి వాళ్ళు ఏమన్నారు? పదైదేనని సెప్పినారా?"

"ఇంకా చెప్పలేదప్పా. ఇప్పుడే బయల్దేరతాన్నాను."

చెప్పులేసుకున్నాడు. ఫైలు వైపు చూసి, వదిలేసి, బస్టాండు ముందర ఒక డజను అరటిపండ్లు కొని ఆస్పరి బస్సెక్కినాడు. ఆడ ఎవరింటికి పోవల్లో దిగినాక ఆలోచించొచ్చు. పండ్ల సంచి మాత్రం పక్కనున్నాయన ఒళ్ళో పెట్టినాడు, తన చేతుల మీద నమ్మకం లేక.