ప్రతి పేజీ వెనకా పేరు

“గా కవరు తొవ్వల యాడనో పడిపోతే ఎట్ల బిడ్డా?” అంది అండాలమ్మ, ఇంకా చెప్పులైనా తొడుక్కోకముందే.

“పడదమ్మా. కొరియరోల్లకిచ్చి రసీదు తీస్కో. కవరు మాత్రం ఇప్పకు,” అంది జ్యోతిక వీణ తుడుస్తూ.

శాస్త్రీయ సంగీతంలో కొత్త కృతులు కట్టేవాళ్ళకు ఢిల్లీవాళ్ళు ఇచ్చే జాతీయ బహుమతి పోటీకి పోయే కవరు అది. ముప్పై అయిదేళ్ళ లోపువాళ్ళకే. వచ్చే నెలతో జ్యోతికకు ఆ వయసు దాటిపోతుంది. ఆ కవరులో ఉన్నవి ఎనిమిది పేజీలు. రెండేళ్ళు కూర్చుని ఆమె కట్టిన కృతిని గురువు ఇందిరాదేవి సరిచూసి, కవరులో పెట్టి అంటించి ఇంటికి పంపింది.

దిల్‌సుఖ్‌నగర్ పోయే షేర్ ఆటోలో అండాలమ్మ ప్రాణం నిలవలేదు. కవరు చినిగితే? కాగితాలు ఇంకెవరి వాటిలోనో కలిస్తే? అప్పుడెప్పుడో ఆటోలో మరిచిన సర్టిఫికెట్ల సంచి, మీద పేరుండబట్టే కదా ఇల్లు చేరింది! కొరియర్ ఆఫీసు బల్ల మీద కవరు విప్పింది. ప్రతి పేజీ వెనకా కూతురి పేరు, ఫోన్ నంబరు గుండ్రంగా రాసి, గమ్ము అడిగి మళ్ళీ అంటించింది.

మూడు నెలలకు ఫలితం వచ్చింది. బహుమతి స్వప్నకు. ఆమె కూడా ఇందిరాదేవి శిష్యురాలే. జ్యోతికకు ఒక ఉత్తరం మాత్రం వచ్చింది: కృతి ఎవరిదో న్యాయనిర్ణేతలకు తెలియకుండా కాగితాల మీద పేరు ఉండకూడదన్నది నియమం, ఉంది కాబట్టి మీ కృతిని పరిశీలించలేదు.

జ్యోతిక వెంటనే ఇందిరాదేవికి ఫోన్ చేసింది. “మీ స్వప్న గెల్వాలనే నా పేరు రాసిన్రు కదా మేడం?”

“నేనెందుకు రాస్తానమ్మా? పదిహేనేళ్ళు నా ఎదురుగా కూర్చున్నావు. నన్ను తెలుసుకున్నది ఇంతేనా?”

“కాగితాలు మీ చేతులకెల్లే ఒచ్చినయ్. ఇగ మీ గడప తొక్క.”

చిక్కుళ్ళు తుంచుతున్న అండాలమ్మ చేతులు ఆగిపోయాయి. తల వంచుకుని మళ్ళీ తుంచసాగింది.

నాలుగు రోజులు వీణ మీది గుడ్డ తియ్యలేదు జ్యోతిక. అయిదో రోజు పొద్దున ఫోన్ పట్టుకుని కూర్చుంది. “సంగీత సభలోల్లందరికీ రాస్తున్న, ఆమె ఎసుంటిదో. ఇంకోపిల్ల బతుకు గిట్ల కావద్దు.”

“ఆమె కాదు బిడ్డా!” అండాలమ్మ కూతురి మణికట్టు పట్టుకుంది. “నేనే రాసిన. కాగితాలు యాడనన్న పోతయేమోనని భయమై.”

జ్యోతిక చెయ్యి విడిపించుకోలేదు, తల్లి వైపు చూడనూ లేదు. పొయ్యి మీద అన్నం అడుగంటిన వాసన వచ్చింది. ఎవరూ లేవలేదు. సందులో కూరగాయల బండివాడు అరుచుకుంటూ వచ్చి, అరుచుకుంటూ వెళ్ళిపోయాడు.

“మేడంకు ఫోన్ కలుపుత,” అంది జ్యోతిక చివరికి. “నువ్వే చెప్పు. నాకు మొఖం లేదు.”